మంచి గౌను విప్పించాను

పుదుచ్చేరిలో పేద పిల్లల హక్కుల కోసం పనిచేసే ఒక చిన్న సంస్థలో నా ఉద్యోగం. ఫోన్‌లో తల్లి ముఖం ఆధార్ ఫోటోతో సరిపోలితేనే అంగన్‌వాడీలో పిల్లల పోషకాహార పిండి ప్యాకెట్ ఇవ్వాలని కేంద్రం నిబంధన పెట్టాక, కొందరు పిల్లలకు అది అందకుండా పోయింది. ఆ ఇబ్బంది వినడానికి పోయిన ఏడాది ఢిల్లీ నుంచి అధికారులు వచ్చారు. వాళ్లతో మాట్లాడించడానికి ముత్తియాల్‌పేటలో ఇళ్లల్లో పనిచేసే మంగను, ఆమె మూడేళ్లు నిండబోతున్న కూతురు కావ్యను నేనే పిలిచాను.

తీసుకెళ్దామని వాళ్లింటికి వెళ్తే, కావ్య కొత్త పచ్చ గౌనులో మెరిసిపోతూ ఎదురొచ్చింది.

"ఇట్ట వస్తే వాళ్లకు జాలి యాడ పుడుతుంది మంగా?" అని, అది విప్పించి చిరుగుల గౌను వేయించాను. పాప ఏడ్చింది.

సమావేశంలో తెలుగు వచ్చిన ఒక అధికారిణి పాపను దగ్గరికి తీసుకుని, "అయ్యో, గౌను చిరిగిందే" అంది.

"నాకు మంచి గౌను ఉంది. ఈ అక్కే వద్దనింది" అని కావ్య గట్టిగా చెప్పేసింది.

అందరూ నావైపు చూశారు. సిగ్గుతో చచ్చిపోయాను. అప్పుడు మంగ లేచింది.

"నిజమే మేడమ్. గౌను నేను కొనిచ్చినా. పిండే రాలా. ఫోను నా మొగం గుర్తుపట్టకుంటే నా బిడ్డకేంది శిక్ష?"

అధికారిణి ఆ మాటే రాసుకుంది. బయటికొచ్చాక క్షమించమని మంగను అడిగాను. "పోనీలే అక్కా, మా కోసమే కదా" అంది.

కొన్నాళ్లకు ప్యాకెట్ మళ్లీ రాసాగింది. ఆఫీసులో నన్ను మెచ్చుకున్నారు. కావ్య మాత్రం ఇప్పటికీ నన్ను చూస్తే తల్లి వెనక దాక్కుంటుంది. పేరు పెట్టి పిలవాలనుకుంటాను గానీ, నోరు రాదు.

— కె. సుగుణ, లాస్‌పేట