రాహేలక్క ఫెయిలు చేసిన పిల్లలు

జమ్మలమడుగులో మా వీధి పిల్లలు ఇంట్లో ఒంటరిగా ఉండొచ్చా, లేదా అన్నది తేల్చేది కన్నవాళ్లు కాదు, రాహేలక్క. బట్టలు కుట్టుకుని బతికే ఆవిడకు ఆ అధికారం ఎవరిచ్చారో తెలియదు. ఆవిడ పెట్టే పరీక్షలో పాసయిన పిల్లల్ని మాత్రం నేను చూడలేదు.

పరీక్ష సులువే. మేము లోపల గడియ పెట్టుకోవాలి. ఆవిడ గొంతు మార్చి తలుపు తడుతుంది.

"పాపా, పులివెందుల మామను వచ్చినా. వాకిలి తీయ్!"

తీస్తే ఫెయిలు. "మాయమ్మ ఇంట్లో లేదు" అంటే ఇంకా పెద్ద ఫెయిలు. ఇదంతా తెలిసి, నా వంతు వచ్చినప్పుడు ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

"ఫెయిలు!"

"నేను తీయలేదు గదక్కా!"

"నీకు నోరే లేకపాయె. దొంగొస్తే ఎట్ల అరుస్తావు?"

ఇంకోసారి వీధి అదిరేలా అరిచాను.

"ఫెయిలు! పిల్ల బెదురుకునింది."

పక్కింటి నబీ రసూల్‌కు ప్రొద్దుటూరులో ఉద్యోగం వచ్చింది, పెళ్లి కుదిరింది. వాళ్లమ్మ సరదాకు అతనికీ పరీక్ష పెట్టించింది. పాలు పొంగించాడని రాహేలక్క అతన్నీ ఫెయిలు చేసి, "తొందరగా పెండ్లి చేసుకోప్పా, ఒంటిగా ఉండే పని తప్పుతాది" అంది.

ఫెయిలయిన వాళ్లంతా పెద్దవాళ్లు వచ్చేదాకా ఆవిడ ఇంట్లోనే. కుట్టుమిషను చప్పుడు వింటూ జొన్నరొట్టె, ఊరిబిండి పచ్చడి తినేవాళ్లం.

అవి పార్టీల కొట్లాటల రోజులు. మా నాన్నది ఒక పార్టీ, ఎదురింటి ఆదినారాయణ మామది ఇంకో పార్టీ. రెండిళ్ల మధ్య మాటల్లేవు. ఆయన కూతురు ఇందిర, నేను మాత్రం రాహేలక్క ఇంట్లో ఒకే చాప మీద కూర్చునేవాళ్లం.

ఒక ఎలక్షన్లప్పుడు పక్క ఊళ్లో బాంబులు పడ్డాయి. ఇద్దరు నాన్నలూ ఊరొదిలి ఎటో వెళ్లిపోయారు. అమ్మ ఆసుపత్రి డ్యూటీకి పోక తప్పదు. నన్నేం చేయాలో తోచక వాకిట్లో నిలబడి ఉంటే, రాహేలక్క వీధి మధ్యకొచ్చి కేక పెట్టింది.

"ఇద్దరూ ఫెయిలు!"

"ఈపొద్దు పరీక్షే పెట్టలేదు గదక్కా!" అంది అమ్మ.

రాహేలక్క దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. "ఊరుకో ప్రమీలా. భయపడి బిడ్డల్ను ఒకే ఇంటికి పంపిచ్చినామంటే మీ మొగోళ్లు ఒప్పుకుంటారా? ఫెయిలయినారంటే తప్పు బిడ్డల మీద పోతాది. మీ మర్యాద మీకుంటాది."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అప్పుడే ఎదురింటి గోవిందమ్మత్త ఇందిరను చేయి పట్టుకుని తీసుకొస్తూ, వీధికంతా వినబడేలా అంది: "ఎంత చెప్పినా బుద్ధి రాదు, మళ్లా ఫెయిలయింది!"

అమ్మ కొంగు దించి ఆమె వైపు తిరిగింది.

"మాదీ అంతేలే వదినా."

నాన్నలిద్దరూ క్షేమంగా తిరిగొచ్చారు. వాళ్లు మాట్లాడుకోవడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. అమ్మలు మాత్రం ఆ రోజు నుంచి ఎవరి వాకిట్లో వాళ్లు నిలబడి, మా తెలివితక్కువతనం గురించి హాయిగా మాట్లాడుకునేవాళ్లు.