ఎష్‌బోర్న్‌లో మధ్యాహ్నం ఆలస్యం

నిన్న స్టేషన్‌లో రైలు ఆలస్యమని బోర్డు మీద పడగానే ప్లాట్‌ఫాం మీదున్న వాళ్లంతా గడియారాలు చూసుకున్నారు. నాకు మాత్రం అప్పడాల కర్ర గుర్తొచ్చింది.

లాక్‌డౌన్ రోజులవి. ఫ్రైబర్గ్ అనే జర్మన్ ఊళ్లో గనుల చదువు చదువుతూ హాస్టల్ గదిలో ఒంటరిగా ఉండేదాన్ని. మాట్లాడాల్సినవన్నీ డైరీతోనే. ఎష్‌బోర్న్‌లో ఉండే పెద్దమ్మ కూతురు, మా అక్క, తన కొడుక్కీ ఉంటర్‌ఫ్యోరింగ్‌లో ఉన్న స్నేహితురాలి ఇద్దరు కూతుళ్లకీ ఆన్‌లైన్‌లో చరిత్ర పాఠం చెప్పమంది. అమెరికాను రైళ్లు ఎలా మార్చాయన్నది పాఠం. గోధుమలు, పశువులు, ఉత్తరాలు రైలెక్కిన వైనమంతా నోట్సు రాసుకుని, కెమెరా ఆపేసి, రెండు శనివారాలు చదివి వినిపించాను. పిల్లలూ కెమెరాలు ఆపేశారు. అక్క ఫోన్ చేసి మెత్తగానే చెప్పింది: "పిల్లలు వింటలేరే. ఇంకొక్క వారం చూసి ఆపేద్దాం." వారం మొత్తంలో నా గొంతు నాకు వినపడేది ఆ ఒక్క గంటే. అది పోతే ఏమవుతానో నాకు తెలుసు.

మూడో శనివారం ఎండ కాసింది. కెమెరా పెట్టి, నోట్సు మూసేసి, అందరినీ అప్పడాల కర్రతో బాల్కనీలోకి వెళ్లమన్నాను. కర్ర నిలబెట్టి, నీడ రోజంతటిలోకీ పొట్టిగా ఉన్నప్పుడు కేకేయాలి. రైళ్లు రాకముందు అమెరికాలో ఏ ఊరి మధ్యాహ్నం ఆ ఊరికి అలాగే అయ్యేదన్నాను. ముందు నేనే కేకేశాను. కాసేపటికి ఉంటర్‌ఫ్యోరింగ్ అక్కచెల్లెళ్లు. మా మూడు ఊళ్లలో పడమటి చివరది ఎష్‌బోర్న్, అందుకే అక్క కొడుకు కేక అందరికంటే ఆలస్యంగా వచ్చింది, తన ఎండే పాడయిందని వాడి గోల. మరి మన మూడు ఊళ్ల మీదుగా పోయే రైలు ఎవరి గడియారం చూసుకోవాలని అడిగాను. రైళ్లు గుద్దుకుంటాయని వాడు జర్మన్‌లో అరిచాడు. చివరికి రైలు కంపెనీలే గంటలు నిర్ణయించాయని, ఊళ్లు తమ సూర్యుణ్ని పక్కనపెట్టి వాటితో కలిశాయని చెబితే, ఉంటర్‌ఫ్యోరింగ్ పెద్దపిల్ల, "అంటే రైలు ఎవరిదైతే టైమూ వాళ్లదేనా?" అంది. నేను నోట్సులో రాసుకోని మాట అది.

అంతలో కొడుకు వెనక నుంచి అక్క మొహం కనపడింది, చేతికి పిండి.

"నేను హైదరాబాద్ క్యాలెండర్ల రాహుకాలం చూసే ఇక్కడ డాక్టర్ అపాయింట్‌మెంట్లు, అన్ని టెర్మిన్లు పెట్టుకుంటున్న. ఇన్ని దినాలు ఎవరి రాహుకాలం తప్పించుకున్ననే?"

పిల్లలు పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను, అందరికీ కనపడేలా. వచ్చే శనివారం తానూ కూర్చుంటానంది అక్క. ఆ పాఠాలు ఏడాది పైనే సాగాయి. గడియారాలు అందరికీ ఒక్కటే చెప్పొచ్చు గానీ, ఎవరి పొద్దు వాళ్ల నడినెత్తికి తన వేళకే వస్తుంది.