చేపనూనె పట్టిన బీరువా

మొన్న మా అపార్టుమెంటు కింది వాటా అమ్మాయి ఎక్కడో ఒక పాత బీరువా చవగ్గా కొనుక్కొచ్చి, వరండాలో పెట్టుకుని రెండు రోజులు గరుకు కాగితంతో రుద్దింది. రంగు వేయడం అయ్యాక నన్ను పిలిచి, "ఆంటీ, లోపల ఇంకా పాత వాసన ఏమైనా వస్తోందేమో కాస్త చూడండి" అంది. తలుపు తీసి, తల లోపలికి పెట్టబోయి ఆగిపోయాను. "నన్ను అడక్కమ్మా, ఇంకెవరినైనా అడుగు" అని చెప్పి పైకి వచ్చేశాను. పాపం, ఆ పిల్ల నాకేదో జలుబు చేసిందనుకుని ఉంటుంది.

అరవైలు అయిపోవస్తున్న రోజులవి. నాకు పద్దెనిమిదేళ్ళు. అంతకు రెండేళ్ళ ముందు వేటకు వెళ్ళిన మా నాన్న పడవ తిరిగి రాలేదు. ఇక సముద్రం మొహం చూడనని అమ్మ ఒట్టు పెట్టుకుంది. నన్నూ, నాన్నను కన్న తాతనూ వెంటబెట్టుకుని ఒడ్డు మీది పల్లె విడిచి బాపట్ల వచ్చేసింది. రోడ్డు మీదికి గుమ్మం ఉన్న గది, వెనక చిన్న వసారా, ఒక కుట్టు మిషను. అదే మా సంసారం, అదే మా కొట్టు. మేం ఎక్కణ్ణుంచి వచ్చామో వీధి వీధంతా తెలుసు. రవికె గుడ్డ పట్టుకొచ్చిన ఆడవాళ్ళు గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, గాలి పీల్చి చూసుకుని మరీ లోపలికి వచ్చేవారు. అమ్మ రోజుకు రెండుసార్లు గది కడిగేది. ఇంట్లో చేప వండడం మానేశాం. తాత మాత్రం కంచంలో పప్పుచారు వంక కొత్త అల్లుడిలా మొహమాటంగా చూసేవాడు.

అలాంటి రోజుల్లో మా వీధి హెడ్మాస్టరు గారి భార్య, కూతురి పెళ్ళి రవికెలన్నీ మాకే ఇస్తానంది. ఇది బాగా కుదిరితే ఆ వీధి మొత్తం మాదే. చెడితే మళ్ళీ పల్లెకే, ఎండుచేపల గంపకే. అప్పట్లో నాకు అంతకు మించిన నరకం తెలియదు. అయితే ఆవిడ గదంతా కలయజూసి, "పట్టు గుడ్డలమ్మా, ఎలుకలు కొడితే ఏం చేస్తారు? ఓ బీరువా అయినా లేదే" అంది. అమ్మ ఆ రోజే రేపల్లెలో రైసు మిల్లులో పనిచేసే మా మేనమామకు ఉత్తరం రాసింది. మూసేసిన మందుల షాపులో పడి ఉన్న అద్దాల బీరువా ఒకటి ఆయన కారుచవగ్గా బేరమాడి, బియ్యం లారీ మీద బాపట్ల పంపాడు.

వచ్చింది కదా అని సంతోషపడ్డామే గాని, దాన్ని చూస్తే ఏడుపొచ్చింది. ఒక అద్దం లేదు, ఒక కాలు పుచ్చిపోయింది, లోపలంతా టింక్చరు మరకలు. పుచ్చిన కాలి కింద ఇటుక ముక్క పెట్టాం. చిల్లుల్లో రంపపు పొట్టు జిగురుతో కలిపి కూరాం. అద్దం లేని చోట పూల అచ్చు చీటీ గుడ్డతో కుచ్చుల తెర కుట్టాను. నాలుగు రోజులు రుద్ది రుద్ది నా వేళ్ళు పొక్కిపోయాయి గాని, పాత రంగంతా పోయి చెక్క పసుపుపచ్చగా తేలింది. ఇంటివాళ్ళు కిటికీలకు వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు అర డబ్బా ఉంది. మర్నాడు వేద్దామనుకుని, బీరువాను ఎండలో ఉంచి, అమ్మా నేనూ దారాలూ లైనింగు గుడ్డా తేవడానికి పాసింజరెక్కి తెనాలి వెళ్ళాం.

సాయంత్రం తిరిగొస్తుంటే వీధి మలుపులోనే ముక్కుకు తగిలింది. సొరచేప నూనె. పడవలకు పట్టించే నూనె. తాత ఎక్కణ్ణుంచి తెప్పించాడో, పాత గోచీగుడ్డతో బీరువాకు లోపలా బయటా, అరలకూ సొరుగులకూ మూడు పూతలు పూసి, చేతులు తుడుచుకుంటూ మా మెప్పు కోసం నిలబడి ఉన్నాడు. "ఒట్టి చెక్క ఎండలో ఉంటే పగిలిపోద్ది. ఇంక చూడు, పాతికేళ్ళు చెక్కు చెదరదు" అన్నాడు. అమ్మ గుమ్మంలోనే కూలబడింది.

పెళ్ళికి ఇంకా పది రోజులుంది. సోడా నీళ్ళతో కడిగాం. వేపాకు రుద్దాం, దుగ్గిరాల పసుపు మెత్తి ఎండబెట్టాం, సాంబ్రాణి పొగ వేసి తలుపులు మూశాం. రోజూ ఒకరి తరవాత ఒకరం తల లోపల పెట్టి వాసన చూసేవాళ్ళం. నాలుగో రోజుకు తగ్గిందనిపించింది. ఆరో రోజుకు నాకూ తెలియలేదు, అమ్మకూ తెలియలేదు. "పోయింది" అంది అమ్మ, ఎన్నాళ్ళకో నవ్వి. ఆ వాసనలోనే పుట్టి పెరిగిన ముక్కులు దాన్ని తిరిగి తమలో కలిపేసుకున్నాయని మాకు తోచలేదు. ఒక్క బయటి మనిషిని పిలిచి అడిగినా సరిపోయేది. ఆకుపచ్చ రంగు వేసి, కుట్టిన రవికెలన్నీ మడతలు పెట్టి అందులో సర్దాం.

హెడ్మాస్టరు గారి భార్య వచ్చి, పై రవికె మడత విప్పింది. కుట్టు చూడకుండానే మళ్ళీ మడిచింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోలేదు, అంత మర్యాదస్తురాలు.

"ఇవి ఎక్కడ పెట్టారమ్మా?"

"బీరువాలోనేనండి. మీ కోసమే రంగు కూడా వేశామండి" అంది అమ్మ మురిసిపోతూ.

"పెళ్ళిపీటల మీద తొడుక్కునేవమ్మా ఇవి" అని మాత్రం అని, ఆవిడ వెళ్ళిపోయింది. గంటలో పనిమనిషి వచ్చి కుట్టినవీ కుట్టనివీ అన్నీ మూట కట్టుకుపోయింది. వారం తిరక్కుండా మిగతా వాళ్ళూ తమ గుడ్డలు అడిగి తీసుకున్నారు.

నేను తాత మీద పడ్డాను. "రెండేళ్ళుగా కడుక్కుంటున్నాం తాతా! ఒక్క పూటలో మళ్ళీ అంటించావు. నువ్వు మాతో రాకపోయినా బాగుండేది" అన్నాను. అమ్మ వద్దంటున్నా ఆగలేదు.

తాత తన చేతులకేసి చూసుకున్నాడు. "మీ నాన్న ఆఖరిసారి వేటకెళ్ళే ముందు పడవకి నూనె పట్టాల్సిందమ్మా. జొరమొచ్చి పడుకుండిపోయాను. పలకలు ఎండిపోయున్నాయని నాకు తెలుసు. మొన్న ఇది అట్టా ఒట్టి చెక్కతో నిలబడుంటే, చూస్తా ఊరుకోలేకపోయాను" అన్నాడు.

"అది పడవ. ఇది బీరువా" అన్నాను. ఈ రెండు మాటలూ నేనే అన్నాను. ఇప్పటికీ నాకు నమ్మబుద్ధి కాదు.

ఆ మధ్యాహ్నం బస్సుకే తాత పల్లెకు వెళ్ళిపోయాడు. "మావయ్యా, అన్నం తిని వెళ్ళండి" అని అమ్మ గుమ్మంలోంచి పిలుస్తూనే ఉంది. నేను తల ఎత్తకుండా సూదిలోకి దారం ఎక్కిస్తూ కూర్చున్నాను. తరవాత అమ్మా నేనూ తెనాలిలో ఒక బట్టల కొట్టు వాళ్ళకు కాజాలు కుట్టే పనిలో చేరాం. బీరువాను ఆ గదిలోనే వదిలేశాం.

పద్దెనిమిదేళ్ళప్పుడు కాలం అందరి దగ్గరా ఒకేలా ఉంటుందనుకుంటాం. నా కోపం చల్లారడానికి ఏడాది పట్టింది. తాత దగ్గర ఎనిమిది నెలలే ఉన్నాయి.