పెంటయ్యకు బరువు కావాలి

డర్బన్ పక్కన ఫీనిక్స్‌లో, పాత కార్లు బాగుచేసే పెంటయ్య ఇంటి వెనక షెడ్డుకు ఎవరు వెళ్లినా, ఏ పని మీద వెళ్లినా, ముందు కారులో కూర్చోవలసిందే. కారంటే నడిచే కారు కాదు. తలుపులు సరిగ్గా పడని కారు. చాలాసార్లు సీట్లు కూడా లేక, పాలసీసాల క్రేట్లు బోర్లించిన కారు. "రా, కూసో. బరువు కావాలి" అంటాడు పెంటయ్య. వచ్చిన మనిషి పేరు అడగడం ఆ తరవాత.

కరెంటు మీటరు చూడటానికి వచ్చిన మునిసిపాలిటీ మనిషి అలాగే కూర్చున్నాడు. పెళ్లిపిలుపుకు వచ్చిన దంపతులు పట్టుబట్టలతో కూర్చున్నారు. గోవింద పూజకు చందా అడగడానికి వచ్చిన గుడి కమిటీని ఇద్దరిద్దరు చొప్పున ఎక్కించి దించాడు. అందులో అధ్యక్షుడు భారీ మనిషి. ఆయన్ని మాత్రం మళ్లీ ఎక్కించాడు. మరుసటి ఏడు నుంచి కమిటీ చందాకు అధ్యక్షుణ్ణి ఇంట్లో వదిలి రావడం మొదలుపెట్టింది.

ఇందులో పిచ్చి ఎంత, పనితనం ఎంత అని విడదీయడం కష్టం. పైకప్పు లేని పాత కారుకు వంగే గుణం ఉంటుంది. ఖాళీ కారుకు తలుపులు బిగిస్తే ముచ్చటగా పడతాయి. ఇద్దరు ఎక్కి కూర్చున్నారో, కింది చట్రం, అంటే ఛాసిస్, కాస్త దిగుతుంది, తలుపు అంచు రాసుకుంటుంది, ఆ తరవాత దాన్ని తీయాలంటే భుజం పెట్టాలి. అందుకే తెలిసినవాళ్లు కారును చక్రాల మీద నిలబెట్టి, సీట్లలో ఇసక మూటలు వేసి తలుపులు సరిచేస్తారు. పెంటయ్యకు ఇసక మూటలంటే నమ్మకం లేదు.

"ఇసక మూట నవ్వుతాదా? ఎనక్కి తిరిగి పిల్లల్ని తిడతాదా? మనిసి కదుల్తాడు, మాన్. అప్పుడు డోర్ ఏటి సేత్తాదో సూడాల." మాటకోసారి "మాన్" అనడం అక్కడివాళ్ల అలవాటు.

ఊళ్లకు కొత్త కౌన్సిళ్లను ఎన్నుకునే ఏడు అది. తెల్లా నల్లా తేడా లేకుండా అందరూ కలిసి ఓటు వేయడం ఇంకా కొత్తగానే ఉండేది. పార్టీల మధ్య మాత్రం పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఒక మధ్యాహ్నం రెండు పార్టీల నుంచి చెరొకరు ఒకేసారి గేటు దగ్గర తారసపడ్డారు. పెంటయ్య ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి తలుపులు మూశాడు. అవి బిగుసుకుపోయాయి. ఆకురాయి తెస్తానని ఇంట్లోకి వెళ్లినవాడు టీ తాగి వచ్చాడు. అప్పటికి వాళ్లు రాజకీయాలు వదిలేసి మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకుంటున్నారు. ఓటు ఎవరికని భార్య సరస్ అడిగితే, లోపల్నుంచి తలుపు తోసినవాడికి అన్నాడు.

వాళ్లు కూర్చున్న ఆ కారు డాక్టర్ శేషాద్రిది.

శేషాద్రి మన దేశం నుంచి కొత్తగా వచ్చిన మత్తు డాక్టరు. డర్బన్‌లో ఉద్యోగం, సిడెన్‌హామ్‌లో ఫ్లాటు. ఒకసారి ఎస్ట్‌కోర్ట్ ఆసుపత్రిలో రెండు రోజులు పనిచేయడానికి వెళ్లి, తిరిగొచ్చే దారిలో ఒక పొలం కొట్టంలో ఈ కారును చూశాడు. రెండు సీట్ల పాత ఇంగ్లీషు కారు. అందులో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. ఇంజను బతికే ఉంది, ఛాసిస్ గట్టిగా ఉంది, బాడీ మాత్రం జల్లెడ. అదేం పెద్ద సంగతి కాదని, అచ్చు అలాంటి బాడీనే ఫైబర్‌తో కొత్తగా పోసి ఇస్తున్నారని అమ్మినాయన చెప్పాడు. పాతది విప్పడం, కొత్తది దించడం, బోల్టులు బిగించడం, అంతే అన్నాడు. ఇలాంటి మాటలు చెప్పేవాడు ఎప్పుడూ బోల్టులు బిగించడు.

కొత్త బాడీ వచ్చింది. అది నిఖార్సుగా తిన్నగా ఉంది. గొడవంతా అక్కడే. నలభై ఏళ్లు మట్టిరోడ్ల మీద తిరిగిన ఛాసిస్ తిన్నగా లేదు. కింది రంధ్రం ఒకచోట, పై రంధ్రం ఇంకోచోట. బాడీకి పెట్టిన ఖర్చు చిన్నదని శేషాద్రికి తరవాత తెలిసింది. ఆ బాడీకి తగిలించవలసిన బందులు, అద్దం ఫ్రేము, వైర్లు, రబ్బర్లు ఒక్కొక్కటిగా ఇంగ్లండు నుంచి వస్తూ అతని జీతాన్ని తినేశాయి. ఆదివారం పాత కార్లవాళ్లు కలిసే చోటుకు బాడీ ఫోటో పట్టుకెళితే, ఒక పెద్దమనిషి చూసి, స్నానాల తొట్టి కూడా ఇలాగే పోస్తారని మర్యాదగా చెప్పాడు.

ఆ మాట చెబితే పెంటయ్య తల కూడా ఎత్తలేదు. "తొట్టికి తుప్పు పట్టదు. ఇక్కడ సముద్రం గాలి ఇనుముని బిస్కత్తు లాగా తింటాది. ఆయన కారుని తిననీ. నువ్వు కూసో, తమ్ముడూ."

శేషాద్రి కూర్చున్నాడు. నెలల తరబడి కూర్చున్నాడు. అతని బాధ కారు గురించి కాదు, భార్య వసుమతి గురించి.

వసుమతికి ఈ దేశం పడలేదు. కిటికీలకు ఊచలు, తలుపుకు ఇనప గేటు, గేటుకు తాళం, దాని మీద అలారం. పగలంతా వాటి మధ్య ఒంటరిగా ఉండేది. వంట చేసేది, తినేది కాదు. ఒకరోజు, డిసెంబరు వరకు చూస్తానని, తరవాత అమ్మ దగ్గరికి వెళ్లిపోతానని చెప్పింది. "మీరూ మీ కారూ ఉండండి" అంది. గొంతు పెంచలేదు. శేషాద్రికి భయం వేసింది అందుకే. అరిచే రోగితో అతనికి బెంగ లేదు. చప్పుడు లేకుండా జారిపోయే రోగితోనే బెంగ.

అతని దగ్గరున్న మందు ఒక్కటే. కారు పూర్తి చేసి, వసుమతిని పక్కన కూర్చోబెట్టుకుని, చెరకు తోటల మధ్యనుంచి సముద్రం పక్క రోడ్డు మీద తీసుకెళ్లాలి. ఒక్కసారి ఆ గాలి తగిలితే ఉండిపోతుందని నమ్మాడు. మత్తు డాక్టరు మత్తు తన మీదే పనిచేసిందని సరస్ తరవాత అనేది.

ఈలోగా పెంటయ్య మెలిక పెట్టాడు. ఎడం పక్క సీట్లో రోజూ కూర్చునేది ఎవరని అడిగాడు. "మీ ఇంటామె అయితే ఆమెనే తీసుకురా. ఎవరి బరువుకో కట్టిన డోర్ ఆమెకి ఎందుకు పడతాది?"

శేషాద్రి బతిమాలితే వసుమతి వచ్చింది. హ్యాండ్‌బ్యాగు ఒళ్లో పెట్టుకుని, విమానం కోసం ఎదురుచూసే మనిషిలా క్రేటు మీద కూర్చుంది. డ్రైవరు సీట్లో పెంటయ్య తన మేనత్త పోలమ్మను ఎక్కించాడు. పోలమ్మ బరువే వేరు. కారు మూలిగింది. ఆ ముసలామె వసుమతి మణికట్టు పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూసింది.

"ఓలమ్మ, దీనికి కూడెట్టే నాథుడే లేడా?" అని శేషాద్రి వైపు తిరిగింది. "వాట్ యూ డూయింగ్, డాక్టర్? నీ పెళ్లానికి ఎముకలు లెక్కెట్టొచ్చు."

వసుమతి నవ్వాపుకోలేక హ్యాండ్‌బ్యాగు కింద పడేసింది. పెంటయ్య తలుపు సందులోకి వేలు పెట్టి చూసి, కుదరలేదు, రేపు మళ్లీ రావాలన్నాడు.

అక్కణ్ణుంచి శేషాద్రి చూసిందల్లా కుదరని తలుపు. వేరేవాడు చూసి ఉంటే ఇంకా కొన్ని కనిపించేవి. గేటు దాటని వసుమతి, మొదట అతనితో, తరవాత ఒంటరిగా మినీబస్సు పట్టుకుని ఫీనిక్స్ వెళ్లేది. కారులో కూర్చుని పోలమ్మతో కలిసి చిక్కుళ్లు ఒలిచేది. ముసలామె చెప్పే చెరకు తోటల కబుర్లు విని, ఇంటికొచ్చి "అవ్వ ఏమందో తెలుసా" అని మొదలుపెట్టేది. శేషాద్రి వినేవాడు కాదు. తలుపు సంగతి అడిగేవాడు. ఇంకా కాలేదని ఆమె చెబితే, తల పట్టుకుని మంచం మీద కూలబడేవాడు.

డిసెంబరు రానే వచ్చింది. ఎండ మండుతోంది. కారు అలాగే ఉంది. శేషాద్రికి ఇక ఆశ లేదు. కారును ఉన్నదున్నట్టు ఎవరికైనా అమ్మిపెట్టమని చెప్పడానికి ఫీనిక్స్ వెళ్లాడు. షెడ్డులో వసుమతి కారులో కూర్చుని, తను వండి తెచ్చిన రొయ్యల కూర గిన్నె పక్కన పెట్టుకుని పళ్లెంలో తింటోంది. అతను వచ్చిన పని చెప్పగానే ఆమె నమలడం ఆపింది.

"అమ్ముతారా? అయితే నేను రోజూ ఎక్కడ కూర్చోను?"

"నువ్వు వెళ్లిపోతున్నావు కదా."

"ఇలా వదిలేసి ఎలా వెళ్తాను? డోర్ కాలేదు కదండీ" అంది వసుమతి. అని మళ్లీ తినడం మొదలుపెట్టింది.

వాకిట్లో బట్టలు తీస్తున్న సరస్‌కు నవ్వు ఆగలేదు. శేషాద్రిని పక్కకు పిలిచింది. "ఆ డోర్ ఏప్రిల్లో ఈస్టర్‌కే పడింది, డాక్టర్. మా ఆయన పొద్దున్న లేచి బాడీ కింద రేకుముక్క ఎట్టి ఎత్తేత్తాడు. ఆమె ఎల్లాక తీసేత్తాడు. రోజూ ఇదే పని. అడిగితే నన్ను కసురుకుంటాడు."

శేషాద్రి కోపంతోనే షెడ్డులోకి తిరిగి వచ్చాడు. "అన్నా, తలుపు ఈస్టర్‌కే కుదిరిందట."

"కుదిరింది" అన్నాడు పెంటయ్య, చేతులు తుడుచుకుంటూ.

"మరి ఇన్ని నెలలు..."

"ఎవరి బరువుకి కుదిరింది? అప్పుడు ఆమె కూసుంటే సీటుకి తెలిసేదా? తినదు, నవ్వదు. ఆ దిగులు మనిసికి డోర్ కట్టీసి పంపిత్తే అది ఏం ఫిట్టింగు, మాన్? నాలుగు ముద్దలు తిననీ, బరువు నిలబడనీ అనుకున్నాను. ఈ వారం నిలబడింది. పొద్దున్నే రేకుముక్క తీసి పారేసాను. నో మోర్. ఎల్లి మూసి సూడు."

శేషాద్రి వెళ్లి, వసుమతి పక్క తలుపును రెండు వేళ్లతో తోశాడు. అది సందు తెలియకుండా వెళ్లి, చిన్న శబ్దంతో పట్టుకుంది. లోపల కూర్చున్న మనిషి చేతిలో పళ్లెం కదల్లేదు. అతను తీశాడు, మళ్లీ మూశాడు. ఇంగ్లండు నుంచి వచ్చిన రబ్బర్లూ బందులూ అన్నీ ఆ ఒక్క చప్పుడులో ఉన్నాయనిపించింది.

పెంటయ్య అప్పటికే అవతలి పక్కకు వెళ్లి, ఒక కన్ను మూసి డ్రైవరు తలుపు అంచును చూస్తున్నాడు. తరవాత శేషాద్రిని పైనుంచి కింది దాకా చూశాడు. పెంటయ్య మొహం చిన్నబోయింది.

"తమ్ముడూ, నువ్వు బాగా సిక్కిపోయావు. ఈ డోర్ నీ పాత బరువుకి కట్టాను. ఇదిగో, ఈ పక్క లేచింది."

"ఇప్పుడేం చేయాలి?"

పెంటయ్య ఇంకో పళ్లెం పట్టుకు రమ్మని సరస్‌ను కేకేశాడు.

"ఎన్నాళ్లు పడుతుంది, అన్నా?"

"అది నా సేతిలో లేదు. మీ ఇంటామె వంటలో ఉంది."

శేషాద్రి తలుపు తీసుకుని ఎక్కి కూర్చున్నాడు. వసుమతి కొంచెం జరిగి, రొయ్యల కూర గిన్నె అతని ఒళ్లోకి తోసింది.