మేడమ్ పరుగెత్తించిన పాట

మదనపల్లెలో కంటి డాక్టరు దగ్గర చుక్కల మందు వేయించుకుని, మసక కళ్లతోనే పక్కనున్న బేకరీలో కూర్చున్నాను. వేడి బన్ను వాసన, ఏలకుల టీ వాసన. గోడ మీది స్పీకర్లోంచి ఏదో ఇంగ్లీషు పాట వస్తోంది. మగ గొంతు. నిద్రమత్తులో ఉన్నవాడు పాడినట్టు సాగదీస్తున్నాడు. నేనేమీ పట్టించుకోలేదు. ఇంతలో నా వేళ్లు బల్ల అంచు మీద వాటంతటవే ఆడటం మొదలుపెట్టాయి. పాటలో ఒక వరుస ముగిసిందో లేదో, ఎడమ చేయి గాల్లోకి లేచి కుడివైపుకు ఒక్క తోపు తోసింది. టీ గ్లాసు ఎగిరి పక్కనాయన పంచె మీద పడింది.

ఆయనకు క్షమాపణలు చెప్పుకున్నాక, గుడ్డ తీసుకొచ్చిన కౌంటరు అమ్మాయిని పట్టుకున్నాను. "ఈ పాట ఏంది పాపా?"

"మా ఓనరుకు పాత ఇంగ్లీషు పాటలంటే పిచ్చి ఆంటీ. యాల, బాగలేదా?"

"ఇదే పాట ఎవరో ఆడామె పాడింది ఉండాలమ్మా. ఇంకా స్పీడుగా ఉంటాది. కొంచెం ఫోన్లో సూడు."

ఆ పిల్ల ఓపిగ్గా వెతికింది. ఆడ గొంతుతో ఎక్కడా లేదట. ఈయనొక్కడే పాడాడట, అదీ ఎప్పుడో నా చిన్నప్పుడు. సరే, ఉన్నదే మేలనుకుని దాన్ని నా ఫోన్లో వేయించుకుని, బస్సెక్కగానే, ఒకప్పుడు నాతో టైపు నేర్చుకున్న పుంగనూరు కమలకు ఫోను చేశాను. "పాట దొరికిందే. కాకపోతే గొంతు మారిపోయి ఉండాది."

ఆ పాట కోసం నేను, కమల ఏళ్ల తరబడి ఎంత తంటాలు పడ్డామో చెప్పాలంటే ముందు ఐరిన్ మేడమ్ గురించి చెప్పాలి. మేడమ్‌ది కుప్పం. వాళ్ల నాన్న రైల్వేలో గార్డు, ఆంగ్లో ఇండియన్ కుటుంబం. మేం చదువుకునే రోజుల్లో ఆమె పుంగనూరు బజారు వీధిలో, పాల డిపో పైన, టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేది. మోకాళ్ల కింది దాకా గౌను, చేతిలో నల్ల గొడుగు, పూసల సంచీ. తెలుగు మాత్రం, మా యాసలోనే, మా కంటే బాగా మాట్లాడేది. ఇప్పుడామెకు తొంభై దగ్గర పడుతున్నాయి. కుప్పంలో వాళ్ల పాత ఇంట్లోనే తమ్ముడి కూతురి దగ్గర ఉంటోంది. కిందటిసారి మేం వెళ్లినప్పుడు నా చేయి పట్టుకుని వదల్లేదు. "మన పాట ఒక్కతూరి వినాలని ఉండాది సరోజా. రికార్డు పగిలిపోయిందే గానీ, చెవుల్లో ఉండాది. పేరు నోటి దాకా వస్తాది, ఆడనే నిలిచిపోతాది. పోయే లోపల ఒక్కతూరి వినాల." ఆమె మమ్మల్నెప్పుడూ ఏదీ అడిగింది లేదు. అందుకే ఆ ఒక్క మాట మా ఇద్దరి ప్రాణాలూ తోడేసింది.

ఆ రికార్డు మీద అంటించిన కాగితం ఏనాడో ఊడిపోయింది కాబట్టి పాట పేరు మాకూ తెలియదు. పేరు కనిపెడతాయేమోనని ఫోన్ల ముందు కూనిరాగం తీశాం. ఒకసారి వెంకటేశ్వర స్వామి పాట వచ్చింది, ఇంకోసారి సబ్బు ప్రకటన వచ్చింది. కమల మనవరాలు నవ్వీ నవ్వీ మంచం మీద పొర్లింది.

ఇంతకీ టైపు మిషన్ల మధ్య ఆ పాటకేం పని అంటే, అదే మేడమ్ పద్ధతి. గది మూలలో సూట్‌కేసులాగా మూత వేసే రికార్డు ప్లేయరు ఉండేది. అక్షరాలు నేర్చుకున్నాక ప్రతి పిల్లనూ ఆ పాటకు కూర్చోబెట్టేది. లయకు ఒక్కో అక్షరం పడాలి. పాట వరుస ముగిసే సరికి కాగితం మీద వరుస ముగియాలి. మిషను గంట టింగుమనగానే ఎడమ చేత్తో మీట తోసి తర్వాతి వరుసకు రావాలి. చలాకీగా, గలగలా, ఎవరో పిల్ల పరుగెత్తుతూ పాడుతున్నట్టుండే పాట అది. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా ఆ పిల్లను మేం ఊహించుకునేవాళ్లం. పొట్టి జుట్టు, పూల గౌను, సైకిలు. దానికేం కష్టాలుంటాయిలే అని అసూయపడేవాళ్లం కూడా.

మా నాయనకు ఎరువుల అంగడి ఉండేది. ఈ పాటల సంగతి ఎవరో ఆయన చెవిన వేశారు. "టైపు నేర్చుకునేదానికి దొరసాని పాటలు యాల? రేపట్నించి పోవద్దు" అన్నాడు. మర్నాడే మేడమ్ గొడుగేసుకుని మా అంగడికొచ్చింది. అప్పుడే లారీ దిగుతోంది, హమాలీలు ఐలేసా అంటూ మూటలెత్తుతున్నారు.

"వీళ్లను నోరు మూసుకొని ఎత్తమని చెప్పప్పా, సూస్తాము" అంది మేడమ్.

మా నాయన మీసాల చాటున నవ్వాడు. "సరేలేమ్మా. ఈ తూరి పరీక్ష పాసు కాకపోతే మాత్రం నా కూతురు వచ్చి అంగట్లో కూర్చుంటాది."

పరీక్ష మదనపల్లెలో. అక్కడ రికార్డు లేదు గానీ, పాట మా తలల్లో ఉంది కదా. మొదలుపెట్టమనగానే పుంగనూరు పిల్లలం అందరం ఒక్కసారే అందుకున్నాం. మా మిషన్ల గంటలన్నీ ఒక్కసారే టింగుమన్నాయి. రెండో వరుసకూ అంతే, మూడో వరుసకూ అంతే. సూపర్వైజరు ఉలిక్కిపడి మమ్మల్ని లేపి నిలబెట్టాడు. మాకు ప్రశ్నపత్రం ముందే తెలిసిపోయిందనీ, అందరం కలిసి దాన్నే సాధన చేసి వచ్చామనీ ఆయన అనుమానం. నాకు కళ్ల ముందు ఎరువుల మూటలే కనబడ్డాయి. బయట కూర్చున్న మేడమ్‌ను పిలిపించారు. ఆమె వాదించలేదు. ఆయన బల్ల మీదున్న ఆనాటి పేపరు తీసి చేతికిచ్చింది. "దీంట్లో మీకు నచ్చింది ఇవ్వండి సార్." ఆయన ఏదో వానల వార్త ఇచ్చాడు. అదీ టింగు, టింగు, అందరివీ ఒక్కసారే. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఇదేం విడ్డూరమమ్మా!" అని కూర్చుండిపోయాడు. పాసయ్యాను. ఆ పాసుతోనే నాకు ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం వచ్చింది.

నా భర్త పోయినప్పుడు మేడమ్ వచ్చింది. అందరూ పక్కన కూర్చుని ఏడ్చారు. ఆమె ఏడవలేదు. కర్మలయ్యాక నన్ను ఇన్‌స్టిట్యూట్‌కు లాక్కుపోయి, మిషను ముందు కూర్చోబెట్టి, అదే పాట పెట్టింది. "టైపు కొట్టుమే" అంది. ఏం మనిషి ఈమె, గుండె ఉందా లేదా అని ఒళ్లు మండిపోయింది. కానీ వేళ్లు కదిలాయి. రోజూ వెళ్లాను. సెలవు అయ్యాక ఆఫీసుకు పోగలిగాను. ఆమె అలా ఎందుకు చేసిందో ఇన్నేళ్లూ నాకు తెలియలేదు.

బేకరీలో పాట దొరికిన మర్నాడే నేనూ కమలా కుప్పం బస్సు దిగాం. మేడమ్ కిటికీ పక్కన మంచం మీద ఉంది. చాలా చిక్కిపోయింది. ఫోను ఆమె చెవి దగ్గర పెట్టి, ముందే సంజాయిషీ చెప్పుకున్నాను. "ఇది మన పాట అవునో కాదో మేడమ్. ఎవరో మగాయన నిదానంగా పాడినాడు."

మొదటి వరుసకే ఆమె కళ్లు మూసుకుంది. పాట అయ్యేదాకా తెరవలేదు. తర్వాత చిన్నగా నవ్వింది.

"ఇదే పాట మే. ఇదే దాని అసలు స్పీడు. ఆడపిల్ల గొంతని వెతికితే యాడ దొరుకుతాది? నేనే కదా ప్లేయరు స్పీడు మీట పైకి తోసినది."

నేనూ కమలా ముఖాలు చూసుకున్నాం.

"నన్ను చేసుకుంటానన్నాయన ఇచ్చిపోయినాడు ఆ రికార్డు. ఓడెక్కినాడు, పిలిపిస్తానన్నాడు. పిలవలేదు. ఈ ఇంట్లోనే పండుకొని, దినమంతా ఇదే పాట వింటా ఉంటి. పోయినోళ్ల కోసం ఏడ్చే పాట ఇది. ఒకదినం కోపమొచ్చి మీట పైకి తోసేస్తి. ఆయప్ప గొంతు కాస్తా చిన్నపిల్ల గొంతైపోయె. ఏడుపు పాట పరుగెత్తుతాంది. నవ్వొచ్చింది నాకు. లేసి అన్నం తింటి. ఆ తర్వాతనే పుంగనూరికి వచ్చి మిషన్లు పెట్టినాను."

కమల కొంగుతో ముక్కు తుడుచుకుంటూ అడిగింది. "మాకెప్పుడూ చెప్పలేదే మేడమ్?"

"చెప్పుంటే మీ వేళ్లు నడిచేవా?"

కర్మలయ్యాక నన్ను లాక్కుపోయిన ఆ చేయి ఇప్పుడు దుప్పటి మీద పుల్లలాగా పడి ఉంది. దాన్ని తీసుకుని కళ్లకద్దుకున్నాను.

"ఇట్ల నిదానంగా వద్దులే సరోజా. మన స్పీడులో పెట్టు" అంది.

ఫోన్లో ఏవేవో నొక్కాను. పాట వేగం పెరిగింది గానీ గొంతు మారలేదు. కుక్క తరిమితే పరుగెత్తే మగమనిషిలాగే ఉంది. మేడమ్ తల అడ్డంగా ఊపింది.

"ఆ పిల్ల యాడా లేదు. మీరే పాడండి."

పాడాం. మాటలు తెలియవు, నోటికొచ్చిన ఇంగ్లీషు. అరిగిపోయిన గొంతులు. సగంలో కమలకు దగ్గొచ్చింది. అయినా వదల్లేదు, మా పుంగనూరు వేగంతోనే పాడాం. మేడమ్ వేళ్లు దుప్పటి మీద మెల్లగా ఆడాయి. వరుస ముగిసేచోటికి రాగానే మా ముగ్గురి ఎడమ చేతులూ ఒక్కసారే లేచాయి.