కోతుల కోసం కొనదలచిన ఎకరం

మున్సిపల్ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా నా పని ముఖ్యంగా మినిట్స్ రాయడం. కౌన్సిల్ సమావేశంలో ఎవరు ఎవరి మీదికి కుర్చీ ఎత్తినా, ఎవరు బల్ల చరిచి బయటికి వెళ్లి టీ తాగి తిరిగి వచ్చినా, పుస్తకంలోకి ఎక్కేసరికి అదంతా "సుదీర్ఘంగా చర్చించి" అనే రెండు మాటలైపోతుంది. డిగ్రీలో ప్రభుత్వ పాలన చదివాను. చదివినదానికీ చేసేదానికీ సంబంధం ఉన్న అరుదైన ఉద్యోగమని ఇంట్లో వాళ్లు చెప్పుకుంటారు. నేను ఖండించలేదు.

నేను జనగామవాణ్ణి. అప్పట్లో పనిచేసిన పట్టణం జనగామకూ మానుకోటకూ నడుమ ఉంది. పేరు చెబితే అందులోవాళ్లు ఒకరినొకరు గుర్తుపట్టుకుంటారు కాబట్టి అంతవరకే. ఆ పట్టణంలో మనుషులతోపాటు కోతులు కూడా స్థిరనివాసం ఏర్పరచుకున్నాయి. డాబా మీద మిరపకాయలు ఎండబోయడం జనం ఎప్పుడో మానేశారు. పెంకుల ఇళ్లవాళ్లు రేకులు వేసుకున్నారు. రేకుల మీద కోతులు పరిగెత్తుతుంటే లోపల టీవీ వినబడదు. ఫిర్యాదు రాయడానికి వచ్చినవాళ్లు సగంలో లేచి, బయట బండి సీటు చింపుతున్న కోతిని అదిలించి, మళ్లీ వచ్చి మిగతాది చెప్పేవాళ్లు.

అందుకని ఒక సమావేశంలో, ఊరి బయట ఒక ఎకరం కొని, అందులో జామ, నేరేడు, మేడి నాటి కోతులకు అప్పగించాలన్న ప్రతిపాదన వచ్చింది. కడుపు నిండితే అవి ఊళ్లోకి రావన్నది దాని సారాంశం.

"చెట్లు కాయాలంటె నాలుగైదేండ్లు పడుతది. గప్పటిదాక అవి యాడ తింటయి?" అన్నాడు ఒక కౌన్సిలర్.

"ఇప్పుడు తింటున్నకాన్నే," అన్నాడు షావుకారు. ఆయనా కౌన్సిలరే, బజారులో టోకు కిరాణా దుకాణం ఉంది. "నా దుకాణంల."

"దేవుని రూపం గదనే అన్నా. జర పుణ్యమనుకో."

"మంగళవారం ఒక్క దినం పుణ్యం. తక్కిన ఆరు దినాలు బెల్లం."

చైర్‌పర్సన్ మేడం అసలు సందేహం బయటపెట్టింది. "అంతా మంచిదే. గది తమ జాగ అని వాటికి ఎట్ల తెలుస్తది?"

"బోర్డు పెడుదాం మేడం," అన్నారెవరో.

ఎవరూ నవ్వలేదు. నేను "బోర్డు" అని రాసుకున్నాను.

ఆ వారంలోనే ఒక అవ్వ ఆఫీసుకు వచ్చింది. కూర్చోమంటే కుర్చీ అంచుమీద కూర్చుని ఘడియకోసారి తలుపు దిక్కు చూసేది. వెంట ఎవరైనా వచ్చారా అని అడిగాను. ఎవరూ రాలేదట, చేను వదిలిపెట్టి వచ్చిందట. బైపాస్ పక్కన గుట్ట కింద ఆమెకు ఒక ఎకరం, అందులో బోరు. ఒకప్పుడు యాసంగి వస్తే పల్లికాయ వేసేది. గుట్ట మీదికి కోతులు వచ్చినప్పటినుంచి తెల్లవారి మంచె ఎక్కితే పొద్దుగూకాకే దిగుతోంది.

"పత్తి ఎయ్యకపోయినవా అవ్వా? పత్తి తినయి గద," అన్నాను. వ్యవసాయం గురించి సలహా ఇవ్వడానికి దాని గురించి తెలియాల్సిన పనిలేదు.

"తినయి. కాయ తెంపి, ఇప్పి చూసి, గిది గాదని ఇంకోటి తెంపుతయి. బట్టల దుకాణంల నా బిడ్డ తీరు."

"పటాకులు కాల్చినవా?"

"మొదటి దినం ఉరికినయి. రెండో దినం కూసుండి చూసినయి. మూడో దినం నేను మరిచిపోతె, ఏందవ్వా ఇయ్యాల లేదా అన్నట్టు చూసినయి."

అంతవరకు నవ్వుతూనే చెప్పింది. తర్వాత గొంతు తగ్గించింది. "రేగొండల బిడ్డ ఇల్లు కట్టుకొని రెండేండ్లాయె కొడుకా. గడప తొక్కలే. పోదామంటె, వచ్చేటాల్లకు చేనుండదు. అమ్మబుద్ధయితలేదు. మా అత్త నా చేతిల పెట్టిన జాగ. గాని పండని చేనుకు ఎన్నొద్దులని కావలుందు? మీరు కోతులకే కొంటున్నరట గద. కబ్జ ఎట్లాగు వాటిదే. కాయితం గూడ వాటికే ఇయ్యున్రి."

దరఖాస్తు నేనే రాశాను. ఆమె తన పేరు ఒక్కొక్క అక్షరం నిలబెట్టి సంతకం చేసింది. మంచి భూమి, రోడ్డు పక్కన, బోరుతో సహా. ఇంత తొందరగా దొరికినందుకు కౌన్సిల్ కాస్త అనుమానపడింది కాని, చివరికి అందరూ ఒక జీపులోనూ రెండు ఆటోల్లోనూ వెళ్లి చూశారు. సర్వేయర్ కొలిచాడు. కోతులు గట్టుమీద వరుసగా కూర్చుని కొలత చూశాయి. ఒకటి కొలత గొలుసు కొస పట్టుకుని కొంతసేపు సహకరించింది కూడా.

రెండు రోజులకు సర్వేయర్ నివేదిక ఇచ్చాడు. హద్దులు సరిగా ఉన్నాయి. విస్తీర్ణం సరిగా ఉంది. చివరి వాక్యం: "ప్రస్తుతం సదరు భూమి కోతుల ఆక్రమణలో ఉన్నది."

కమిషనర్ గారు ఆ వాక్యం కింద ఎర్ర గీత గీసి నన్ను పిలిచారు. ఆక్రమణలో ఉన్న భూమిని మున్సిపాలిటీ కొనకూడదు. ముందు ఖాళీ చేయించాలి.

"సర్, కోతుల కోసమే గద కొంటున్నం," అన్నాను.

"మనం కొన్న తర్వాత వస్తే లబ్ధిదారులు," అన్నారాయన ఓపిగ్గా. "ముందే ఉంటే ఆక్రమణదారులు."

ఆ వాక్యంలో తప్పు వెతుకుతూ నా సీటుకు వచ్చాను. దొరకలేదు. ఇబ్బంది అదే.

పద్ధతి ప్రకారం వారం గడువుతో నోటీసు తయారైంది. ఆఫీసు జవాను దాన్ని మోటారు పెట్టిన కొట్టం తలుపుకు అంటించి, అక్కడే నిలబడి చూసి వచ్చాడు. నోటీసు ముట్టినట్టు రాయవలసిన చోట తన చేతిరాతతో "తీసుకున్నవి. చింపినవి. కొంత తిన్నవి" అని రాశాడు. నేను దాన్ని కాస్త ఆఫీసు భాషలోకి మార్చాను. గడువు ముగిసింది. ఆక్రమణదారులు సమాధానం ఇవ్వలేదు.

అప్పుడు ఇద్దరు పారిశుధ్య కార్మికులను ఆ చేనుమీద కావలికి వేశారు. ఒకాయన నర్మెట్ట దిక్కు పుట్టి, చిన్నతనంలో జొన్నచేలలో వడిసెల తిప్పిన పెద్దాయన. ఇంకొకామె చీపురు కర్రతోనే సగం బజారును అదుపులో పెట్టగల అక్క. వాళ్లకు తోడు ఒక చెత్త బండిని కూడా ఇచ్చారు. తడి చెత్త, పొడి చెత్త వేరు చెయ్యాలని పొద్దంతా మైకులో చెప్పే బండి. పటాకులకు బెదరని కోతులు ఆ మైకు ముందు రెండు రోజులు కూడా నిలవలేకపోయాయి. ఏళ్లుగా దాన్ని పొద్దున్నే భరిస్తున్న మనిషిగా, కోతుల మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది.

ఫైలు మానుకోటకు, కలెక్టరాఫీసుకు వెళ్లింది. అక్కడినుంచి "లబ్ధిదారుల జాబితా జతపరచలేదు" అని తిరిగి వచ్చింది. లబ్ధిదారులకు పేర్లు లేవని రాసి పంపాను. కనీసం కుటుంబాలవారీగా పంపమన్నారు. ఇట్లా ఫైలూ నేనూ ఒకే బస్సులో నాలుగైదుసార్లు పోయి వచ్చాం.

ఈలోగా అవ్వ రేగొండ వెళ్లింది. పది రోజులుండి, కూతురి ఇంట్లో గదులన్నీ చూసి, వంటింటి తలుపు తప్పు దిక్కు పెట్టారని చెప్పి, తిరిగి వచ్చింది. వస్తూనే చేనుకు పోయింది. కోతులు లేవు. మంచె ఉత్తదే. మున్సిపాలిటీవాళ్లు ఇద్దరు గట్టుమీద కాపలా ఉన్నారు. బోరు పోస్తోంది.

"జాగ ఉత్తగ ఉంచుడెందుకని నాలుగు గింజలేసిన," అని తర్వాత నాతో చెప్పింది. ఆ నాలుగు గింజలు ఎకరం నిండా మొలిచాయి.

చేనులోంచి వెళ్లినవి ఎక్కడికో పోవాలి గనుక పట్టణంలోకే వచ్చాయి. షావుకారు దుకాణంలో మధ్యాహ్నం ఒక బెల్లం ముద్ద పోయింది. మరునాడు అదే వేళకు ఇంకో ముద్ద. మూడోనాడు ఆయన షట్టర్ దించుకుని లోపల కూర్చుని, బయటినుంచి తట్టిన గిరాకీలను కూడా కోతులనుకుని తియ్యలేదట. ఆయన రోజూ నా టేబుల్ దగ్గరికి వచ్చేవాడు.

"ఫైలు యాడుంది తమ్మీ?"

"మానుకోటల ఉందన్నా."

"దాన్నన్న కోతులు ఎత్తుకపోతలేవు," అనేవాడు.

ఆ భూమి ఖాళీగా ఉందని ధ్రువీకరించడానికి కౌన్సిల్ మరోసారి వెళ్లింది. అవ్వ ఒక సాలు ముందుగానే పీకి, లేత కాయలు ఉప్పేసి ఉడకబెట్టి అందరికీ పెట్టింది. అందరూ గట్టుమీద వరుసగా కూర్చుని తిన్నారు. ఆనాడు ఆ చేనులో పల్లికాయ తిన్నవాళ్లలో కోతులు లేవని నేను ధ్రువీకరించగలను. ధ్రువీకరించాను కూడా. ఫైలు మంజూరైంది.

సమ్మతి తీసుకోవడానికి అవ్వను సమావేశానికి పిలిపించారు. ఈసారి ఆమె కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుంది.

"అవ్వా, మంజూరైంది. ఎన్నడు రాసిస్తవు మరి?" అని అడిగింది చైర్‌పర్సన్ మేడం.

"ఏం రాసిచ్చుడు?"

"జాగనే."

"గసొంటి జాగ ఎవరన్న అమ్ముకుంటరా బిడ్డా? మందుకు సుత ఒక్క కోతి లేదు."

షావుకారు లేచి నిలబడ్డాడు. "లేకుంట చేసింది మేమే గదనే!"

"నేను కాదన్ననా? సల్లగుండున్రి."

"అయితె రేపటిసంది మా మనుషులను వాపసు తీసుకుంటం," అన్నాడాయన. "నువ్వాయె, నీ కోతులాయె."

అవ్వ నవ్వు ఆగిపోయింది. ఆనుకున్నది ముందుకు జరిగి, మళ్లీ కుర్చీ అంచుకు వచ్చింది. "నెలొద్దులు కొడుకా," అంది. "ఊడలు మట్టిల దిగినయి. కాయ ముదురుతాంది. ఇప్పుడు ఆళ్లను తీసేస్తె ఒక్క పూటల పీకి ఆరేస్తయి. ఎన్నేండ్లకు చూస్తాన్న నేను గా పంటను." కొంగు వేళ్లకు చుట్టుకుంటూ చైర్‌పర్సన్ దిక్కు కాదు, షావుకారు దిక్కే చూస్తోంది. "నీ దుకాణంల మాలు నీకెంతనో, నాకు గంతే గద."

ఆయన కూర్చున్నాడు. గ్లాసులో నీళ్లు తాగాడు.

"తీసేద్దాం. కోతులొస్తె తనంతట తనే అమ్ముతది," అన్నాడు ఇంకో కౌన్సిలర్.

"కోతులొస్తే ఆక్రమణ," అన్నారు కమిషనర్. "ఖాళీ అని రాసిచ్చాం. మంజూరు చెల్లదు."

"మరి కోతులు రాకపోతె?"

"ఆమె అమ్మదు."

దీన్ని అర్థం చేసుకోవడానికి సభకు కొంత సమయం పట్టింది. కావలి ఉంటే భూమి రాదు. కావలి తీసేస్తే భూమి కొనరాదు. చైర్‌పర్సన్ మేడం నా దిక్కు తిరిగింది.

"ఏం రాసినవ్?"

ఏమీ రాయలేదు. అంతవరకు నా ఉద్యోగంలో నేను సొంతంగా ఒక్క వాక్యం కూడా తయారు చెయ్యలేదు. అందరూ అన్నది సర్దడమే. అవ్వ మాత్రం తన దరఖాస్తు రాసినవాడు నేనే కాబట్టి, ఇదీ నేనే రాస్తాననే నమ్మకంతో చూస్తోంది.

"యజమాని తుది అభిప్రాయం తెలిపేంతవరకు సదరు స్థలాన్ని ఖాళీగా ఉంచుతూ కావలి కొనసాగించవలెను అని రాయమంటరా మేడం?"

ఏదీ నిర్ణయించనవసరం లేదని తెలియగానే సభలో ప్రాణం లేచి వచ్చింది. కమిషనర్ గారు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివించుకుని, తప్పు వెతికి, దొరకక ఊరుకున్నారు.

"తుది అంటె ఎప్పుడు తమ్మీ?" అన్నాడు షావుకారు.

"ఎప్పుడనేది అందుల లేదన్నా."

ఆయన నా వైపు చూసి చెయ్యెత్తాడు. ఆయన ఎత్తాక మిగతావాళ్లూ ఎత్తారు. ఆ తర్వాత ఆయన దుకాణానికి ఇనుప జాలీ పెట్టించుకున్నాడు. అవ్వతో నాకు తెలిసి మళ్లీ మాట్లాడలేదు. కాని కావలి తీసేయమని కూడా ఎక్కడా అనలేదు.

నెల దాటిన తర్వాత ఒక ఆదివారం చేనుకు వెళ్లాను. రేగొండ నుంచి కూతురు వచ్చింది. కావలి ఉన్న పెద్దాయన, అక్క కూడా వంగి చెట్లు పీకుతున్నారు. ఖాళీగా ఉంచే పనిలో అది కూడా భాగమే అనుకున్నాను. పీకిన చెట్లు మట్టితోనే కుప్పలు పడి ఉన్నాయి. అవ్వ ఒక కుప్ప ముందు కూర్చుని కాయ తెంపుతూ, నాకు ఒక గుప్పెడు ఇచ్చి పక్కన కూర్చోమంది.

"మరి తుది అభిప్రాయం ఏందవ్వా?" అని అడిగాను. ఫైలు నా టేబుల్ మీదే ఉంది కాబట్టి అడగడం నా విధి.

ఆమె కాయ చిట్లించి గింజలు చూసి, నిండుగా ఉన్నాయని తృప్తిపడి, అప్పుడు చెప్పింది.

"వానకాలం మక్కజొన్న ఏద్దామనుకుంటాన్న. దానికి నూరొద్దులు పడుతది. నూరొద్దులు ఆలోచన చేసుడు మీ ఆఫీసుల కష్టమా కొడుకా?"

"కష్టమేం లేదవ్వా," అన్నాను. "మాకు అలవాటే."