సోమవారం వణికే లారీ

మా ఇంటికి నాలుగిళ్ళ అవతల లారీలు కడిగే షెడ్డు ఒకటి వెలిసింది. రొయ్యల మేత మోసే బండ్లు చెరువుల మీది నుంచి నేరుగా అక్కడికే వస్తాయి. ఎండలో పరుగెత్తి వచ్చిన చక్రాల మీద పైపుతో నీళ్ళు కొట్టగానే ఉప్పుమట్టి, గ్రీజు, కాలిన ఇనుము అన్నీ కలిసిన వాసన ఒకటి గుప్పున లేచి మా వంటగది కిటికీలోంచి లోపలికి వస్తుంది. మా కోడలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కిటికీ మూస్తుంది. ఆమె అటు పోగానే నేను వెళ్ళి తీస్తాను. నాకు అక్షరాలు వచ్చింది పిల్లల పెళ్ళిళ్ళు అయ్యాక. కాబట్టి చుట్టు తిప్పి రాయడం చేతకాదు. ఆ వాసన నాకు ఇష్టం. అది మా శనివారాల వాసన.

మైపాడుకు ఈ పక్కన, ఉప్పుకాలువ గట్టు మీద ఉండేది మా పాలెం. ఎండాకాలం వచ్చిందంటే కాలువకు అవతలంతా ఉప్పు మళ్ళు తెల్లగా మెరిసి, చూసేవాళ్ళ కళ్ళలో నీళ్ళు తిరిగేవి. రాశులు పోసిన ఉప్పు మీద తాటాకులు కప్పి ఉంచితే, మేము పిల్లలం ఆ ఆకుల కింద చేయి దూర్చి రాతి ఉప్పు గడ్డలు తీసి, రాలిన మామిడి పిందెలతో కొరుక్కుంటూ, పెదాలు పగిలి మండినా మానకుండా, మధ్యాహ్నమంతా గట్ల మీద తిరిగేవాళ్ళం. వానాకాలం వస్తే మళ్ళన్నీ మునిగి ఆకాశం రంగుకు తిరిగేవి. అప్పుడు కొత్త ఉప్పు ఉండదు, నిల్వ చేసిన ఉప్పునే నెల్లూరుకు తోలాలి. సముద్రం వైపు నుంచి రోజుల తరబడి తడిగాలి కొట్టి, గోడలు చెమర్చి, అగ్గిపుల్ల వెలిగేది కాదు. అమ్మ చేపల పులుసులో వేయడానికి దాచుకున్న మామిడి ఒరుగులు కూడా మెత్తబడేవి.

ఆ ఉప్పు తోలే లారీ మాదే. మాది అంటే మా నాయనది, మా అమ్మ తమ్ముడు రత్నం మామది. యుద్ధంలో వాడి పారేసిన మిలిటరీ లారీ ఒకటి తుక్కు కింద దొరికితే ఇద్దరూ కలిసి తెచ్చారు. రత్నం మామ పడవలకు మేకులు, లంగర్లు కొట్టే కమ్మరి. ఆయన కొలిమి మా ఇంటి వెనకే ఉండేది. లారీకి వెనక ఇరుసు పనికిరాకపోతే వేరే బండి ఇరుసు తెచ్చి, కింద చట్రం కోసి, పట్టీలు కొట్టి, దానికి అమర్చాడు. పడవ చెక్కలతో పొడుగాటి బాడీ కట్టాడు. అది చూసినవాళ్ళు ముందు నుంచి మిలిటరీ, వెనక నుంచి పడవ అని నవ్వేవారు. ఆయన ఆ చెక్కల సందుల్లో కీలు, అంటే తారు, పూస్తుంటే మామ కూతురు సుగుణ, నేను పక్కన కూర్చుని, చేతులు నల్లగా చేసుకుని, రాత్రి అన్నం తినేటప్పుడు ఆ వాసన పోక మళ్ళీ మళ్ళీ చేతులు కడుక్కునేవాళ్ళం. బండి తయారయ్యాక కోత పండగకు పాలెమంతా అందులోనే మా ఏసు గుడికి వెళ్ళింది. అరటిగెలలు, కొత్త వడ్ల మూటలు, కోళ్ళు, గుమ్మడికాయలు, అరిసెల డబ్బాలు, వాటి మధ్య ఇరుక్కుని కూర్చుని కీర్తనలు పాడే ఆడవాళ్ళు. మామ మాత్రం లోపల కూర్చోకుండా వెనక తలుపు పట్టుకుని నిలబడి, గుంత వచ్చినప్పుడల్లా కిందికి వంగి ఇరుసు వైపు చూసుకున్నాడు. ఆ రోజు ఆయన ముఖం పెళ్ళికొడుకు ముఖంలా ఉంది.

మా అవ్వ, అంటే నాయన తల్లి, ఆదివారం విషయంలో చాలా గట్టి మనిషి. ఆదివారం పొయ్యి కూడా ఒక్కసారే వెలగాలి. శనివారం దంచిన పచ్చడే ఆదివారం తినాలి. ఇంటి ముందు బండి చక్రం ఒక్క చుట్టు కూడా తిరగకూడదు. దేవుడు ఇచ్చిన బండిని మట్టితో ఉంచి ఆయన దినాన్ని ఎదుర్కోకూడదని, శనివారం సాయంత్రం లారీని కడిగి తీరాలని కూడా ఆమె మాటే. మంచినీళ్ళు మాకు తాగడానికే కష్టం. అందుకని బండిని కాలువ వాలులోకి దింపి, ఇరుసు మునిగేదాకా నిలబెట్టి కడిగేవాళ్ళు. పాలెం పిల్లలందరికీ అదే స్నానం. కొబ్బరిపీచుతో చక్రాలు రుద్దడం, ఒకరి మీద ఒకరు బకెట్లతో పోసుకోవడం, స్టీరింగు దగ్గర ఎవరు కూర్చోవాలని కొట్టుకోవడం. ఆఖరున నాయన బండిని గట్టెక్కించి, మా ఇంటి ముందరి ఏటవాలు నేల మీద నిలిపి, జారకుండా హ్యాండు బ్రేకు కరకరా బిగించి లాగేవాడు. ఆ చప్పుడుతో మా వారం ముగిసేది.

బండి కట్టిన తర్వాత మొదటి వానాకాలంలోనే ఆ వణుకు మొదలైంది. బ్రేకు తొక్కితే వెనక నుంచి దడదడ వచ్చి బండంతా ఊగేది. వదిలేస్తే ఏమీ లేదు. మళ్ళీ తొక్కితే మళ్ళీ. నెల్లూరు పొలిమేరకు చేరేసరికి ఎక్కడో పోయి, వారమంతా బండి బుద్ధిగా ఉండేది. నాయన నెల్లూరులో ఒక మేస్త్రీకి చూపించాడు. ఆయన జాకీ పెట్టి, చక్రాలు విప్పి, లోపలి బ్రేకు డ్రమ్ములు తిప్పి చూసి అంతా బాగానే ఉందన్నాడు. ఇంకోసారి పోతే స్ప్రింగు పట్టీలు బిగించాడు. ఇంకోసారి డ్రమ్మును లోపలి నుంచి ఒత్తి పట్టే బ్రేకు షూలకు కొత్త లైనర్లు వేశాడు. వేసిన ప్రతిసారీ నాలుగు రోజులు బాగుండి మళ్ళీ వచ్చేది. ఎక్కువగా సోమవారాలే వచ్చేదని పాలెంలో అందరికీ తెలుసు. బాగా ఎండ కాసిన వారాల్లో సోమవారం కూడా వచ్చేది కాదు. అందుకని ఆ సోమవారం సంగతిని ఎవరూ నమ్మలేదు, నవ్వులాటకు వాడుకున్నారు. బావి దగ్గర మా అమ్మను పక్కింటి మరియమ్మ పట్టుకుంది.

"ఏం మే, నిన్న గుడిలో చెప్పిన వాక్యం మీ బండికి గట్టిగా తగిలినట్టుండాదే. ఇంకా వణకతానే ఉండాది."

"మీ ఎద్దులబండికి బ్రేకే లేదు గదా వదినా, వణికేదానికి," అంది అమ్మ.

ఆ నవ్వు ఎక్కువ కాలం నిలవలేదు. ఒక సోమవారం పొద్దున, ముసురులో, ఉప్పు బస్తాల లోడుతో బయలుదేరాం. నాకు చెవిపోటు వస్తే నెల్లూరు ఆసుపత్రిలో చూపించడానికి నాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. బస్తాల మీద కూలి మనుషులు కూర్చున్నారు. కాలువ వంతెన దిగేచోట గేదెలు అడ్డం వచ్చాయి. నాయన బ్రేకు తొక్కాడు. సీటు కింద నుంచి తన్నినట్టు వచ్చింది, నా పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. బండి వెనక భాగం పక్కకు ఈడ్చుకుని పోయి గట్టు అంచున ఆగింది. పైనున్న బస్తాలు జారాయి. వాటితోపాటు పోలమ్మ అనే మనిషి కింద పడి చేయి విరిగింది. ఆమె ఏడవలేదు. విరిగిన చేతిని రెండో చేత్తో పట్టుకుని, చిందిన ఉప్పులో కూర్చుని, ఆ రోజు కూలి వస్తుందా రాదా అని అడిగింది. నా చెవిపోటు సంగతి అందరూ మరిచిపోయారు, నేను కూడా.

తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక, గుడి ముందు పెద్దలందరూ నిలబడి ఉండగా నాయన నోరు విప్పాడు. తన బండి మీద నుంచి మనిషి పడినందుకు అందరూ తన వైపు చూస్తున్నారని ఆయనకు తెలుసు. ఆ చూపులు తన మీద నుంచి తీసి ఇంకొకరి మీద పెట్టాలనుకున్నాడు.

"రత్నం అతికిన ఇరుసును నమ్మి మనుషుల్ని ఎక్కించినాను. నాకు బుద్ధొచ్చింది. ఇంకెవురూ వాడి చేతికి బండి ఇయ్యబాకండి."

మామ తెల్ల చొక్కా వేసుకుని, బైబిలు సంకలో పెట్టుకుని ఉన్నాడు. ఆయన కేకలు వేయలేదు.

"నా అతుకు చెడితే బండి ఎప్పుడూ ఊగాల బావా. బ్రేకు తొక్కినప్పుడే, అదీ ఒకోనాడే ఎట్నా ఊగతాది? ఊగిన రోజు, ఊగినకాడే ఆపి నన్ను పిలిపించు. అప్పుడు చక్రం విప్పి చూస్తా."

"లోడు బండి రోడ్డు మీద పెట్టి నీ కోసం కూర్చోమంటావా?" అన్నాడు నాయన.

మామ బైబిలు సంకలో సర్దుకుని ఇంటి దారి పట్టాడు. అంతకుముందు చేపల వ్యాపారులు ఇద్దరు తమకూ అలాంటి బండ్లు కట్టి పెట్టమని ఆయనకు చెప్పి ఉన్నారు. వాళ్ళు మానుకున్నారు. ఆ తర్వాత పడవల మేకులకు కూడా మైపాడు వాళ్ళు వేరేచోటికి వెళ్ళసాగారు. లారీ ఇరుసు నిలబెట్టలేని చేయి కొట్టిన లంగరు మాత్రం నిలుస్తుందా అని వాళ్ళ అనుమానం. అమ్మ మధ్యలో నలిగిపోయింది. రోజూ కొలిమి దగ్గరికి వెళ్ళి తమ్ముడికి అన్నం పెట్టి, తిరిగి వచ్చి మొగుడితో మాట్లాడకుండా పడుకునేది. ఒకనాటి పొద్దున మామ, అత్త, సుగుణ ట్రంకు పెట్టెతో బస్సెక్కారు. మద్రాసు హార్బరులో ఏదో పని చూసుకున్నాడని చెప్పారు. సుగుణ నా గచ్చకాయలు నాకు తిరిగి ఇచ్చేసింది. ఎందుకు ఇస్తున్నావని కూడా నేను అడగలేదు.

మళ్ళీ వానలొచ్చాయి. క్రిస్మస్ ముందరి ముసురు. ఇళ్ళలో కజ్జికాయలకు బెల్లం కొబ్బరి కలిపిన వాసన, వెదురుబద్దల నక్షత్రాలకు రంగుకాగితాలు అతికించే జిగురు వాసన. ఆ సోమవారం పొద్దున లారీ కదలనే లేదు. ఇంజను అరుస్తోంది, ఎడమ పక్క వెనక చక్రం మేకు కొట్టినట్టు నిలబడింది. హ్యాండు బ్రేకు వదిలినా దాని పట్టు వీడలేదు. నాయన తిట్టుకుంటూ జాకీ ఎత్తి, చక్రం తీసి, డ్రమ్మును సుత్తితో చుట్టూ కొట్టాడు. అమ్మ ఆయన మీద వాన పడకుండా గోనెపట్టా పట్టుకుంది. పక్కనే నేను. డ్రమ్ము ఊడి వచ్చింది.

లోపల చుట్టూ ఎర్రగా తుప్పు. ఆ ఎరుపులో బ్రేకు షూలు ఆనిన మేర రెండు నల్లటి మచ్చలు, మట్టిలో చెప్పుల అచ్చు పడినట్టు అంత స్పష్టంగా. నాయన వేలితో తడిమాడు. మచ్చల అంచు దగ్గర వేలు తట్టుకుని ఆగింది. రెండో పక్క చక్రం కూడా విప్పాడు. అక్కడా అదే అచ్చు.

ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు. శనివారం ఉప్పునీళ్ళలో ముంచిన చక్రాన్ని తడితడిగా బ్రేకు బిగించి కట్టేశాం. ఆదివారం దాన్ని ఒక్క చుట్టు కూడా తిరగనివ్వలేదు. షూలు ఆనినచోట ఒక రకంగా, ఆననిచోట ఇంకో రకంగా డ్రమ్ముకు తుప్పు పట్టింది. సోమవారం బ్రేకు తొక్కితే ఆ ఎగుడుదిగుడు మీద షూలు ఎగిరెగిరి పడేవి. కొంత దూరం పోయేసరికి అవే దాన్ని అరగదీసి నున్నగా చేసేవి. మేస్త్రీ దగ్గరికి బండి ఎప్పుడు వెళ్ళినా వారం మధ్యలోనే వెళ్ళేది. అద్దంలా ఉన్న డ్రమ్మును చూసి ఆయన మాత్రం ఏం చెబుతాడు? ఎండాకాలంలో ఇసుక వేడికి తడి సాయంత్రానికే ఆరిపోయేది, అందుకే వణుకు ఉండేది కాదు.

"మా తమ్ముడు ఆ రోజు అడిగింది ఇదే గదా," అంది అమ్మ.

నాయన గరుకు కాగితంతో డ్రమ్ము రుద్దుతూనే ఉన్నాడు. ఆ శనివారం నుంచి బండిని కడిగిన తర్వాత బ్రేకు తొక్కుతూ వదులుతూ రోడ్డు మీద కొంతదూరం నడిపి, చక్రాలు ఆరబెట్టి తెచ్చేవాడు. హ్యాండు బ్రేకు వేయకుండా చక్రాల కింద దుంగలు పెట్టేవాడు. వణుకు మళ్ళీ రాలేదు. నెల్లూరు మేస్త్రీ చేతి చలవ అని పాలెం అంతా అనుకుంది. నాయన కాదనలేదు. మద్రాసు పోయి రత్నానికి చెప్పమని, గుడి దగ్గర అన్న మాటను గుడి దగ్గరే వెనక్కి తీసుకోమని అమ్మ ఎన్ని విధాల అడిగిందో నాకు తెలుసు.

"బండి కుదిరింది గదా. ఇంకేం జెప్పాల?" అన్నాడు ఆయన.

నిందించడానికి వచ్చిన గొంతు ఒప్పుకోవడానికి రాలేదు. నా తండ్రి కష్టజీవి, తాగుబోతు కాదు, మమ్మల్ని పస్తు పెట్టలేదు. అయినా ఈ విషయంలో ఆయన పిరికివాడు. ఇది రాయడానికి నాకేమీ మొహమాటం లేదు. అమ్మ ఆ తర్వాత ఆ లారీ ఎక్కలేదు. కోత పండగకు పాలెమంతా బండిలో పాడుకుంటూ పోతే ఆమె కానుకల గంప నెత్తిన పెట్టుకుని వెనక నడిచి వచ్చేది. కారణం అడిగితే బండి కుదుపు పడదని చెప్పేది. కొన్నేళ్ళకు మద్రాసు నుంచి మామ జ్వరంతో పోయాడని కబురు వచ్చింది. అప్పటికి పాతిపెట్టడం కూడా అయిపోయింది.

ఇప్పుడు మా పాలెంలో ఉప్పు మళ్ళు లేవు, అన్నీ రొయ్యల చెరువులు. కొలిమి ఉన్నచోట సిమెంటు రోడ్డు. ఆదివారం అని ఏ చక్రమూ ఆగడం లేదు. పోయినేడు నెల్లూరులో ఒక పెళ్ళికి వెళితే, భోజనాల దగ్గర ఒక అబ్బాయి నా పక్కన కూర్చున్నాడు. మాటల్లో తెలిసింది, సుగుణ కొడుకు. వాళ్ళమ్మ పోయి చాలా కాలమైందట. నన్ను అత్తా అనాల్సినవాడు ఆంటీ అన్నాడు. ఇన్నేళ్ళకు మా రక్తంలో ఒకడు దొరికాడు గదా అని నేను ఆకులో అన్నం వదిలేసి, మీ తాత కట్టిన లారీలో ఏ లోపమూ లేదు నాయనా, ఆయన అతుకు చివరిదాకా చెక్కుచెదరలేదు అని చెప్పాను.

వాడు మర్యాదగా విన్నాడు. "మీరు ఇంకెవరినో అనుకుంటా ఉన్నారు ఆంటీ," అన్నాడు. "మా రత్నం తాత హార్బరులో వాచ్‌మను. ఆయనకు ఇనప పని రాదు."